గోదావరి పుట్టింట ఆరు గ్లాసులు

మామయ్య ద్రాక్షపండును వెంటనే నోట్లో వేసుకోడు. ముందు రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఎండకు ఎత్తి చూస్తాడు. నల్లటి తోలు మీద బూడిద చల్లినట్టున్న తెల్లటి పూతను బొటనవేలితో తుడుస్తాడు. పండు కొరికి, గుజ్జు చప్పరించి, తోలును కాసేపు నములుతాడు. చివరికి గింజను దవడ పళ్ల కిందికి తోసి నొక్కుతాడు. పటుక్కుమంటుంది. పక్కన నిలబడ్డ నాకు కూడా వినబడుతుంది.

"ముదిరింది," అంటాడు. "సూడు అల్లుడా, గింజ మట్టిరంగుకొచ్చింది. పచ్చిగుంటే మెత్తగ నలుగుతది, చేదొస్తది. గిది ఇరిగింది. ఇగ తెంపుకోవచ్చు."

మాకు తోట చూపిస్తున్న అమ్మాయికి తెలుగు రాదు. కానీ ఆ పటుక్కుమన్న చప్పుడు ఆమెకూ తెలుసు. నవ్వి, ఇక్కడి వాళ్లూ కోతకు ముందు గింజ కొరికే చూస్తారని హిందీలో చెబుతుంది. మామయ్య గర్వంగా నా వైపు చూస్తాడు.

ఫిబ్రవరి ఉదయం. నాశిక్ ఊరు దాటి పడమటగా వస్తే సులా వైన్‌యార్డ్స్ తోటలు. వరుసల చివర నేల పల్లానికి జారుతుంది, ఆ పల్లం చివర నీళ్లు మెరుస్తున్నాయి. అది గంగాపూర్ జలాశయం, అందులో ఉన్నది గోదావరి. త్రయంబకేశ్వరం దగ్గర బ్రహ్మగిరి మీద పుట్టి, కొండ దిగి నాలుగడుగులు వేసిందో లేదో ఇక్కడ మట్టికట్ట కట్టి ఆపారు. రాజమండ్రిలో అవతలి గట్టు కోసం కళ్లు చికిలించి చూసే గోదావరి, 1465 కిలోమీటర్ల ప్రయాణంలో ఇక్కడింకా పసిపిల్ల. నిన్న దేవగిరి ఎక్స్‌ప్రెస్ బాసర వంతెన మీద నది దాటుతుంటే మామయ్య కిటికీలోంచి రూపాయి బిళ్ల వేసి దండం పెట్టుకున్నాడు. ఇప్పుడు అదే నది పుట్టింటి వాకిట్లో నిలబడి, దాని నీళ్లు తాగి పండిన పండును నములుతున్నాడు.

మామయ్యను నేను ఊరికే వెంటబెట్టుకు రాలేదు. మేడ్చల్ దగ్గర ఆయనకు ఒకప్పుడు అంగూర్ తోట ఉండేది. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ద్రాక్షను అంగూర్ అనే అంటారు. ఆ తోటలో పండింది అనాబ్‌షాహి, పేరుకు తగ్గ రాచపండు. పొడుగ్గా, పాలరంగులో, ఎండ తగిలిన వైపు తేనెరంగు తిరిగి, గుత్తి ఎత్తితే చెయ్యి లాగేసేది. చిన్నప్పుడు సెలవుల్లో ఆ పందిరి కింద పడుకుంటే ఆకుల సందుల్లోంచి పండ్లు ముఖం మీదికి వేలాడేవి. తర్వాత బోర్లు ఎండాయి, అప్పులు పెరిగాయి. ఒక ఏడు కోత ముందర వాన పడింది. పందిరి రాళ్లు పీకి అమ్మేశాడు, నేల కూడా పోయింది. మామయ్య జీవితంలో మద్యం ముట్టలేదు. కానీ నాకు తెలిసినవాళ్లలో ద్రాక్షను ఆయనంత ఎరిగినవాళ్లు లేరు. వైన్ రుచి చూసి మార్కులు వేయడానికి వస్తున్నానంటే, "పండు నేను సూస్త, రసం నువ్వు సూడు," అని బయల్దేరాడు.

"పందిరి లేదేంది?" అన్నది ఇక్కడ కాలు పెట్టగానే ఆయన వేసిన మొదటి ప్రశ్న. నిజమే, ఇక్కడ తల మీద ఆకుల కప్పు లేదు. తీగలు నిలువుగా, బారులు తీరిన పచ్చటి గోడల్లా నిలబడి ఉన్నాయి. స్తంభాల మధ్య లాగిన ఇనుప తీగలకు కొమ్మలను పైకి కట్టారు. గుత్తులన్నీ మోకాలికి కాస్త పైన ఒకే ఎత్తులో వేలాడుతున్నాయి. ఎండ అటూ ఇటూ తగులుతుంది, గాలి ఆడుతుంది, తెంపేవాళ్లు నడుం వంచి వరుస వెంట పోతారు. పండు చిన్నది, గట్టిగా కొలిస్తే శనగగింజకు రెండింతలు. మామయ్య లెక్క ప్రకారం ఇది తినే పండు కాదు: "గుజ్జు తక్వ, తోలు మందం, గింజ ఎక్వ." వైన్‌కు కావలసింది సరిగ్గా అదే. ఎర్ర వైన్‌కు రంగు ఇచ్చేది తోలు, వగరు ఇచ్చేది తోలూ గింజా. పండు చిన్నదైతే రసానికి తోలు పాలు ఎక్కువ పడుతుంది.

మిగతాదంతా ఆయనకు తెలిసిన సేద్యమే. చలిదేశాల్లో ద్రాక్షతీగ మంచులో ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది. మన దక్కన్ పీఠభూమి మీద దానికి నిద్ర లేదు. అందుకని రైతే కత్తెరతో దాని ఏడాదిని విడగొడతాడు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, కొమ్మ గట్టిపడటానికి. వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకొకటి, కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి దాకా. నాశిక్‌లోనూ అంతే, మేడ్చల్‌లోనూ అంతే. "కత్తెర పట్టే చెయ్యి ఏడాదికి రెండుసార్లు పొంగుతది," అంటూ మామయ్య కుడి అరచేతిని రుద్దుకుంటాడు, పొక్కులు ఇప్పుడే లేచినట్టు.

వంగి ఇంత మట్టి తీసి వేళ్ల మధ్య నలుపుతాడు. మా దిక్కు ఎర్ర చెలక నేల, కింద గ్రానైటు. ఇక్కడ నల్లరాయి, ఏనాడో లావా పొరలు పొరలుగా పారి గట్టిపడిన దక్కన్ రాయి. మట్టి వాసన చూసి కింద వదిలేస్తాడు. ఏమీ అనడు.

ఈ నేల ఒకప్పుడు పశువులు గడ్డి మేసే చోటు. రాజీవ్ సామంత్ కాలిఫోర్నియాలో ఒరాకిల్ సంస్థలో ఉద్యోగం వదిలి 1990లలో తిరిగొచ్చి, కుటుంబానికున్న ఈ నేల మీద వైన్ ద్రాక్ష వేశాడు. తల్లి పేరు సులభ. అందులోంచి సులా వచ్చింది. కెర్రీ డామ్‌స్కీ అనే కాలిఫోర్నియా వైన్ నిపుణుడు తోడు నిలిచాడు. సోవిన్యోన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే ఫ్రెంచి తెల్లద్రాక్షలు ముందు నాటారు. 2000లో మొదటి సీసాలు బయటికొచ్చాయి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్‌కు ప్రత్యేక విధానం తెచ్చాక చుట్టూ మరెన్నో వైనరీలు లేచాయి. నడుస్తూనే ఇదంతా మామయ్యకు చెబుతున్నాను. ఆయన ఒక్కటే అడుగుతాడు: "రైతుకు రేటు ముందే చెప్తరా?" వైనరీలు రైతులతో ముందే ఒప్పందం చేసుకుని పండు కొనే పద్ధతి ఇక్కడ ఉందని ఆ అమ్మాయి చెబుతుంది. మామయ్య తల పంకిస్తాడు. తర్వాత చాలాసేపు మాట్లాడడు.

వైనరీ లోపల చల్లగా ఉంది. మనిషికి మూడు నాలుగింతల ఎత్తున్న స్టీలు ట్యాంకులు. గాలిలో పులిసిన దోసెపిండి వాసన, దాని మీద పండు తీపి. రెండూ పులిసినవే కాబట్టి వాసన పోలడంలో వింత లేదు. ఈస్టు పండులోని చక్కెరను తిని మద్యంగా మారుస్తుంది. తెల్ల వైన్‌కైతే పండు పిండి, తోలు తీసేసి, రసాన్ని చల్లటి ట్యాంకులో మెల్లగా పులియనిస్తారు. ఎర్ర వైన్‌కు తోలుతో సహా పులియబెడతారు. నల్లద్రాక్ష రసమూ పిండగానే దాదాపు రంగు లేనిదే, తోలులో నానితేనే ఎరుపు. పక్క గదిలో ఓక్ పీపాలు ఒకదాని మీద ఒకటి. ఇలాంటి పీపా ఒక్కొక్కటి 225 లీటర్లు పడుతుంది. వాటి లోపలి చెక్కను నిప్పు సెగ మీద కాలుస్తారు. మామయ్య పీపా మూత దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీలుస్తాడు.

"లవంగాలేసిన్రా?"

వెయ్యలేదు. కాలిన ఓక్ చెక్కలో యూజెనాల్ అనే పదార్థం ఉంటుంది. లవంగానికి ఆ ఘాటు ఇచ్చేదీ అదే. ఆ మాట చెప్పగానే మామయ్య ఇంకోసారి వాసన చూస్తాడు. ఈ రోజు ఎటు పోతుందో నాకు ఆ క్షణంలో తెలిసింది. నా సంచిలో ఇంగ్లిషు పుస్తకాల నుంచి రాసుకొచ్చిన వాసనల జాబితా ఉంది. నేను ఎన్నడూ తినని అడవి పండ్లు, ఎన్నడూ ముట్టని పూలు. దాన్ని మడిచి లోపల పెట్టేశాను.

మేడ మీద వసారాలో కూర్చున్నాం. ఎదురుగా జలాశయం, దాని వెనక బల్లపరుపు కొండలు. బల్ల మీద తెల్లకాగితం, దాని మీద పొడవాటి కాడ ఉన్న గ్లాసులు ఆరు, మంచినీళ్లు, ఉప్పులేని బిస్కెట్లు, ఉమ్మడానికి ఓ గిన్నె. ఒక్కో గ్లాసులో రెండు గుక్కలు మాత్రమే పోస్తారు. రుచి చూసి ఉమ్మేయడం ఈ పనిలో తప్పు కాదు, మర్యాదే. అన్నీ మింగితే నాలుగో గ్లాసుకు నాలుకా ఉండదు, తీర్పూ ఉండదు.

నా నోటుబుక్కులో గీతలు గీసుకున్నాను. మొత్తం 20 మార్కులు. రంగుకు 2, వాసనకు 6, రుచికి 8, మింగినా ఉమ్మినా నోట్లో మిగిలి ఉండే నిలకడకు 4. ఇరవైకి వేసే పద్ధతిని 1959లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో స్థిరపరిచారు. తర్వాత 1978లో పత్రిక మొదలుపెట్టిన రాబర్ట్ పార్కర్ నూటికి వేసే పద్ధతిని లోకమంతా పాకించాడు. అందులో లెక్క 50 నుంచి మొదలవుతుంది. నూటికి వేస్తే 88కీ 89కీ తేడా ఏమిటో చెప్పగల నాలుక నాకు లేదు. ఇరవైకైతే ఎందుకు తగ్గిందో చెప్పగలను.

మూత తిప్పగానే చిన్న చిటుక్కు. బిరడా లేదు, మెలి తిప్పే మూతే. మొదటి గ్లాసు సోవిన్యోన్ బ్లాంక్.

గ్లాసును వంచి తెల్లకాగితం మీద చూస్తాను. లేత గడ్డి రంగు, అంచున పచ్చ ఛాయ. కాడ పట్టుకుని గుండ్రంగా తిప్పుతాను. వైన్ గోడలు పాకి దిగుతుంటే వాసన పైకి లేస్తుంది. ముక్కు లోపల పెట్టి మామయ్యకు అందిస్తాను. ఆయన కళ్లు మూసుకుంటాడు.

"జామకాయ. దోరది. చెట్టు మీదికెల్లి అప్పుడే తెంపింది." ఇంకోసారి. "దాని వెనక పచ్చి మిరపకాయ తొడిమ వాసన."

నేనయితే క్యాప్సికం అనేవాణ్ని. ఆ ఆకుపచ్చ వాసనకు కారణం ఈ ద్రాక్షలో పుట్టే పైరజీన్లు. క్యాప్సికానికి ఆ వాసన ఇచ్చేవీ అవే. పండు ఎండలో పండే కొద్దీ అవి తగ్గుతాయి, జామ వైపు వాసన పెరుగుతుంది. అంటే మామయ్య ఆ ఒక్క పీల్పులో కోత ఎప్పుడు పడిందో కూడా చదివాడు. పచ్చిదనం పూర్తిగా పోకముందే, పండుతనం వచ్చాకే తెంపారు.

ఒక గుక్క తీసుకుని, పెదాల సందున కాస్త గాలి లాగి, నోరంతా తిప్పుతాను. నాలుక అంచులు జివ్వుమంటాయి. దవడల వెనక నీళ్లూరుతాయి. ఈ పులుపు ఎక్కడిదో నాలుకకు ముందే తెలుసు, బుర్రకు ఆలస్యంగా తట్టింది: చింతపండు. పోలిక కోసం అనడం లేదు. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్. చింతపండును పుల్లగా చేసేదీ అదే ఆమ్లం. పచ్చిపులుసుతో పెరిగిన నాలుకకు ఈ వైన్ పరాయిది ఎలా అవుతుంది? గిన్నెలో ఉమ్మి, లెక్కపెడతాను. ఎనిమిది క్షణాల దాకా జామ నిలిచి, నిమ్మతొక్క చేదుగా మారి, ఆరిపోయింది. రంగు 2, వాసన 5, రుచి 5.5, నిలకడ 3. మొత్తం 15.5.

రెండోది షెనిన్ బ్లాంక్. బంగారు రంగు కాస్త ఎక్కువ. వాసనలో మగ్గిన అరటి, తేనె. నోట్లో మొదట తీపి, తర్వాత పులుపు వచ్చి ఆ తీపిని సర్దుతుంది. మన భోజనానికి దగ్గరగా ఉండే వైన్ ఇది. కారం తగిలినప్పుడు ఈ కొంచెం తీపి గొంతును చల్లబరుస్తుంది. వట్టి నోటితో తాగితే మాత్రం నాకు తీపి ఒక పిసరు ముందుకొచ్చినట్టు ఉంది. అది నా నాలుక ఇష్టం. 14.

మూడోది దిండోరి రిజర్వ్ వియోన్యే. దిండోరి నాశిక్‌కు ఉత్తరాన ఉన్న తాలూకా, తోటలకు పెట్టింది పేరు. గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది, వాసన అప్పుడే వచ్చి పలకరించింది. మామయ్య గ్లాసు దగ్గరికి తీసుకుని చాలాసేపు ఉంచుకున్నాడు. పొద్దున్నుంచి ఆయన ముఖం ఇంత మెత్తబడడం చూడలేదు.

"మీ అత్త ధనియాలు ఏంచుతుంటే ఇట్లనే వచ్చేది," అన్నాడు. "ఏంచినంక కాదు. ఏంచే ముందల, పొయ్యి మీద ఏడి తగలంగనే."

అత్తయ్య పోయి ఆరేళ్లు. నేనేమీ అనలేదు. కానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వియోన్యే ద్రాక్ష వాసనను కట్టే పదార్థాల్లో లినలూల్ ఒకటి. ధనియాల వాసనలో పెద్దపాలు దానిదే. మల్లెపూలలోనూ ఉంటుంది. నాకు తట్టింది మల్లె, ఆయనకు తట్టింది ధనియాలు. ఇద్దరం ఒకే వాకిట్లో నిలబడి, చెరో గుమ్మంలోంచి తొంగిచూశాం. రుచిలో పులుపు తక్కువ, నోరు నిండుగా, వెన్న రాసినట్టు జారుతుంది. మింగాక వాసన ముక్కు వెనక నుంచి మళ్లీ వస్తుంది. వాసనకు 5.5. మొత్తం 16.

బిస్కెట్టు తిని నీళ్లు తాగుతాం. ఎండ వసారా అంచు దాకా వచ్చింది. నీళ్ల మీద రెండు కొంగలు వంగి చూస్తున్నాయి. ఇక ఎరుపు. తెలుపు ముందు, ఎరుపు వెనక అనే క్రమం ఊరికే పెట్టలేదు. ఎరుపులో ఉన్న వగరు ఒకసారి నాలుకను పట్టిందంటే, తర్వాత వచ్చే తెలుపు నీళ్లలా చప్పబడుతుంది.

నాలుగో గ్లాసు షిరాజ్ కాబర్నే. రంగు చూడగానే నేరేడు. కాగితం మీద వంచితే అంచు ఊదా, నడుమ దాదాపు నలుపు. ఆ ఊదా రంగు లేతవయసు గుర్తు. ఏళ్లు గడిచేకొద్దీ ఎర్ర వైన్ అంచు ఇటుకరంగుకు తిరుగుతుంది. వాసనా నేరేడే, కొంచెం తడిమట్టి. నోట్లో పోసుకుంటాను. మొదట పండు, వెంటనే చిగుళ్లు బిగుసుకుంటాయి, నాలుక పైచర్మం గరుకెక్కుతుంది, బుగ్గలు లోపలికి లాగుతాయి.

"ఎట్లుంది?"

"నోరు ఎండిపోయినట్టు... లోపల పట్టేసినట్టు..." ఇంగ్లిషు పుస్తకాల్లో దీనికి మఖమలు అనీ, పట్టు అనీ, నూలు అనీ బట్టల కొట్టు మాటలన్నీ వాడతారు. నేను ఆ మాటల వెనక వెతుక్కుంటున్నాను.

"వగరా?"

వగరు! ఇంత చిన్న మాట. పుట్టినప్పటి నుంచీ నోట్లో ఉన్న మాట. వక్కపలుకు నమిలితే వగరు, నేరేడు తింటే వగరు, జామపిందె కొరికితే వగరు. ప్రతి ఏడూ ఉగాది పచ్చడిలో మామిడి పిందె ముక్కతో కొత్త సంవత్సరంలోకి మనం తీసుకునే వగరు. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదులతో సమానంగా పీట వేసి ఆరో రుచిగా కూర్చోబెట్టుకున్నాం దాన్ని. తోలులో, గింజలో ఉండే టానిన్లు మన లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకుని ముద్దకడతాయి. నోటికి ఉన్న జారుడుతనం పోతుంది. అందుకే ఆ గరుకు. శాస్త్రం లెక్కలో అది రుచి కన్నా స్పర్శకు దగ్గర. మన లెక్కలో రుచే. పచ్చడి కలిపిన అమ్మమ్మలకు నాలుక మీద ఏది రుచి, ఏది తాకిడి అన్న తగువు లేదు. నోట్లో జరిగేదంతా జీవితంలో భాగమేనన్నారు, కలిపి పెట్టారు.

ఈ గ్లాసులో వగరు ఇంకా పచ్చిగా ఉంది. పండుతో పూర్తిగా కలవలేదు, అల్లరి పిల్లాడిలా ముందు పరిగెడుతోంది. వేటమాంసం పక్కన ఉంటే ఆ వగరుకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికి, నోరు నెమ్మదిస్తుంది. వట్టిగా 14.5.

ఐదోది దిండోరి రిజర్వ్ షిరాజ్. ఓక్ పీపాలో గడిపి వచ్చిన వైన్. గ్లాసు తిప్పుతున్నప్పుడే తేడా కనబడుతోంది. రసం గోడ మీంచి చిక్కగా, తీరిగ్గా దిగుతోంది. ముక్కు పెట్టగానే నాకు నేరేడు, కొంచెం వెనిల్లా, పొద్దున పీపా దగ్గర చూసిన లవంగం. మామయ్య వైపు జరుపుతాను.

ఆయన వాసన చూస్తాడు. గ్లాసు దించుతాడు. మళ్లీ ఎత్తుతాడు. చెయ్యి గాల్లో ఆపి, బొటనవేలూ చూపుడువేలూ రుద్ది చూపిస్తాడు, దేన్నో నలుపుతున్నట్టు.

"మిరియాలు. రోట్లేసి ఒక్కటే దెబ్బ కొట్టినట్టు. పొడి చెయ్యలే, పగలగొట్టిన్రు, గంతే."

మళ్లీ ముక్కు పెడతాను. ఆయన చెప్పాక, ఉంది. నేరేడు వెనక నిలబడి ఉంది, నిజంగానే చితగ్గొట్టిన మిరియం. షిరాజ్‌లో ఈ మిరియాల వాసన ఎక్కడిదో చాలాకాలం తేలలేదు. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దాన్ని రొటండోన్‌గా గుర్తించారు. మిరియాల వాసనకు మూలమైన పదార్థం కూడా అదే. ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి బయటపడింది: వాసన చూసినవాళ్లలో దాదాపు ఐదోవంతు మందికి అది ఎంత పోసినా అందలేదు. ఒకే గ్లాసు నలుగురికి మిరియాలతో ఘుమఘుమలాడుతుంటే, ఐదో మనిషికి వట్టి పండు రసం. ఆ ఐదో మనిషి వేసే మార్కు అబద్ధమా? కాదు, అది అతని ముక్కు చెప్పిన నిజం. అందుకే అంకె ఒక్కటే రాసి వదిలేసిన తీర్పు నాకు సగం తీర్పులా కనిపిస్తుంది. పక్కన మాట ఉండాలి. ఎవరి ముక్కుకు, ఏం తట్టి, ఎందుకు నచ్చిందో ఆ మాట చెప్పాలి.

నోట్లో పోసుకుంటే ఈ వగరు వేరు. బాగా మగ్గిన నేరేడు తిన్నాక మిగిలే వగరు, పండును విడవకుండా అంటుకుని ఉన్నది. పులుపూ పదునుగా లేదు. ఎర్ర వైన్లలో మొదటి పులియింపు అయ్యాక ఇంకో మార్పు జరుగుతుంది. పచ్చి యాపిల్‌ను తలపించే మాలిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి, పాలు తోడుకుని పెరుగయ్యేటప్పుడు పుట్టే ఆమ్లం అది. చింతపండు, పెరుగు, లవంగం, మిరియం. లెక్కపెట్టుకుంటూ పోతే వంటింటి అలమర సగం ఈ గ్లాసులోకి వచ్చి చేరింది. ఉమ్మేశాక ఇరవై దాకా లెక్కపెట్టినా మిరియం వదల్లేదు. రంగు 2, వాసన 5, రుచి 6.5, నిలకడ 3.5. మొత్తం 17. పక్కన మామయ్య మాటే రాశాను: రోట్లో ఒక్క దెబ్బ.

చివరిది చిన్న గ్లాసు. లేట్ హార్వెస్ట్ షెనిన్ బ్లాంక్. రెండో గ్లాసులోని ద్రాక్షే, కానీ కోత ఆపి తీగ మీదే ఇంకా ఉంచిన పండు. నీరు ఇంకి, పండు ముడతపడి, చక్కెర చిక్కబడ్డాక తెంపుతారు. అంత చక్కెరనూ ఈస్టు తినలేదు, మిగిలింది తీపిగా వైన్‌లో ఉండిపోతుంది. ఇదంతా మామయ్యకు చెప్పాను, మామూలుగానే. ఆయన గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఎన్ని దినాలు ఆగుతరు?"

"వారాలు కూడా ఆగుతరు మామా."

"వాన వస్తే?"

"పోతది. పిట్టలు తింటయి, కుళ్లుతది. ఆగినోనికి దక్కితే దక్కుతది."

ఆయన నీళ్ల వైపు తిరిగాడు. మాట మెల్లగా వచ్చింది. "మా తోటల గింజ ముదిరేదాక నేను ఒక్క ఏడు గూడ ఆగలే అల్లుడా. ముందు తెంపితే మార్కెట్ల రేటు ఎక్వ. అప్పులోడు ఆగనిస్తడా? పుల్లగున్నప్పుడే డబ్బాలకెత్తి పంపిన. పట్నంల తిన్నోళ్లు హైదరాబాద్ అంగూర్ పులుపన్నరు. పండుది తప్పు కాదది."

ఇరవై ఏళ్లకు పైగా ఆయన ఈ మాట ఎవరితోనూ అనలేదనుకుంటాను. పొద్దున వరుసలో గింజ కొరికి పటుక్కుమనగానే ఆ ముఖంలో వెలిగిందేమిటో నాకు ఇప్పుడు అర్థమైంది.

మామయ్య చిన్న గ్లాసు కాడ పట్టుకున్నాడు, పొద్దున్నుంచి నేను పట్టుకున్నట్టే. తిప్పాడు. వాసన చూశాడు. పెదవి తడిసేంత తీసుకుని నాలుక మీద ఉంచుకున్నాడు. గిన్నె ఆయన వైపు జరిపాను. తల అడ్డంగా ఊపి మింగాడు.

నేను చూసింది ఇది: తేనె, ఎండుద్రాక్ష, కాల్చిన నారింజ తొక్క. తీపి ఎంత ఉన్నా కింద ఆ చింతపండు పులుపు నేల కట్టినట్టు ఉంది, అందుకే వెగటు లేదు. నిలకడ ఎంతసేపో లెక్కపెట్టడం మరిచిపోయాను. నోటుబుక్కు, కలం ఆయన ముందు పెట్టాను.

"ఇరవైకి ఎంత ఇస్తవు మామా?"

చాలాసేపు ఆలోచించాడు. నోటుబుక్కులో ఆయన రాసింది నేను చదవకుండానే మూసి, లేచాం. కింద తోటలో ఎవరో డబ్బాలు ఎత్తుతున్నారు, ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు. ఆటో కట్ట దగ్గర ఆపించాం. మామయ్య మెట్లు దిగి, గోదావరి నీళ్లు దోసిట పట్టి నోరు పుక్కిలించి, ఇంకో దోసెడు తల మీద చల్లుకున్నాడు. సంచిలోంచి అక్క కట్టిచ్చిన సకినాలు తీసి చెరో రెండు తిన్నాం. నువ్వులు, వాము, బియ్యప్పిండి. ఆ కరకరల నడుమ నోటుబుక్కు తెరిచి చూశాను.

ఆరో వరుసలో అంకెల గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. చివర, మాట రాసుకోవడానికి నేను వదిలిన చోట, వంకర అక్షరాలతో ఒక్కటే ఉంది: ముదిరినంక తెంపిన్రు.